ఆదివారం ఇంగ్లీషు గుంపు: ఇరవై ఇద్దరితో మొదలై నలుగురికి వచ్చింది

డాబా మీద బడి
గుంటూరులో మా అపార్ట్‌మెంటు డాబా మీద ప్రతి ఆదివారం సాయంత్రం అయిదింటికి ఇంగ్లీషులో మాట్లాడుకునే గుంపు ఒకటి మొదలుపెట్టాను. రుసుము లేదు, పుస్తకం లేదు, పాఠం లేదు. వచ్చి గంటసేపు మాట్లాడాలి, అంతే. మొదటి వారం ఇరవై ఇద్దరు వచ్చారు. కుర్చీలు చాలక టెంటు సామాన్ల దుకాణం నుంచి అద్దెకు తెప్పించాను. రెండో వారం పదిహేను మంది. నాలుగో వారం తొమ్మిది మంది. మొన్న ఆదివారం నలుగురం, అందులో నేనూ మా తమ్ముడూ ఉన్నాం.

జరుగుతున్నది ఇది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరే లేచి పేరు, ఊరు, చదువు, అభిరుచులు అప్పజెబుతారు. అందరి అభిరుచులూ పాటలు వినడం, క్రికెట్ చూడడమే. తర్వాత నిశ్శబ్దం. పదవీ విరమణ చేసిన బ్యాంకు మేనేజరు గారు ఒకాయన వస్తారు. ఆయన ఇంగ్లీషు చక్కగా ఉంటుంది, నిశ్శబ్దాన్ని మాత్రం అసలు భరించలేరు. ఇక నలభై నిమిషాలు ఆయనే. మిగిలినవాళ్ళు తల ఊపుతారు. గంట కాగానే అందరూ తెలుగులోకి దూకి, మెట్లు దిగుతూ మధ్యలో ఆగి మరో అరగంట కబుర్లు చెప్పుకుంటారు. ఆ మెట్ల మీది కబుర్లే నాకు డాబా మీద కావలసినవి, ఇంగ్లీషులో.

వచ్చేవాళ్ళలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లలు, ఇద్దరు గృహిణులు, మిర్చి యార్డులో గుమాస్తా ఒకాయన, ఒక నర్సు ఉన్నారు. చదివితే అందరికీ అర్థమవుతుంది. నోరు తెరవడమే కష్టం. ఇలాంటిది ఎవరైనా నడిపారా?

గోళీసోడా
మేనేజరు గారికి మిర్చి యార్డు గుమాస్తా గారిని ఎదురుగా కూర్చోబెట్టండి. ఘాటుకు దగ్గు వచ్చి ఆయనే ఆగుతారు.

నిద్రగన్నేరు
ఇరవై ఇద్దరిని ఒక్క చోట కూర్చోబెట్టినప్పుడే చెడింది. అరవై నిమిషాలను ఇరవై రెండుతో భాగించండి. మనిషికి మూడు నిమిషాలు కూడా రావు, అందులో సగం గొంతు సవరించుకోవడానికి పోతుంది. అయిదుగురైతే తలా పన్నెండు నిమిషాలు. ఎక్కువమంది వస్తే విడదీయండి. డాబాకి నాలుగు మూలలు ఉంటాయి కదా.

మూడో బెంచీ
ఒక మూలలో నీళ్ళ ట్యాంకు ఉంటుంది. మూడు గుంపులే చేయగలరు.

నిద్రగన్నేరు
ఇంకో మూలలో ఎవరో ఒకరు వడియాలు పెట్టి ఉంటారు. సరే, రెండే.

కందిపొడి
మా హాస్టల్లో ఒకసారి తెలుగు మాట పలికితే పది రూపాయలు జరిమానా అని పెట్టాం. పోగైన డబ్బుతో నెలాఖరున బిర్యానీ అనుకున్నాం. నెలాఖరుకు డబ్బాలో ముప్ఫై రూపాయలు ఉన్నాయి. ఇంగ్లీషు వచ్చేసిందని కాదు, మాట్లాడడమే మానేశారు. గది అంతా మౌనవ్రతం. ఉప్పు కావాలంటే చేత్తో సైగ చేసేవాళ్ళం. జరిమానా జోలికి మాత్రం వెళ్ళకండి.

లెక్కల మాస్టారు
ఊరికే కూర్చుని మాట్లాడమంటే తెలుగులో కూడా మాట్లాడలేం. మాట్లాడడానికి ఒక పని ఉండాలి. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీషు బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు, మద్రాసు వైపు కొన్ని బడులలో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం పాఠంగా చెప్పకుండా, పిల్లలకు రైళ్ళ సమయపట్టికలు, పటాలు ఇచ్చి లెక్కలు తేల్చమనేవారు. ఫలానా సమయానికి అక్కడ ఉండాలంటే ఏ రైలు ఎక్కాలి, ఈ దారిలో వెళితే ఎక్కడికి చేరతాం, ఇలాంటివి. పిల్లల దృష్టి సమాధానం మీద ఉంటుంది, భాష దాని వెనకాల తానే వస్తుంది. మీ గుంపుకు కూడా అదే మందు. అయిదుగురికి అయిదు కాగితాలు ఇవ్వండి. ఒకరి దగ్గర ఉన్న వివరం మరొకరి దగ్గర ఉండకూడదు. అడిగితే తప్ప పని జరగదు.

పాత పుస్తకాలవాడు
మాస్టారూ, సగమే చెప్పారు. ఆ ప్రయోగం తరగతి మొత్తాన్ని ఉపాధ్యాయుడే నడిపించినది. పిల్లలను గుంపులుగా విడదీసి వాళ్ళలో వాళ్ళను మాట్లాడుకోమనడం ప్రభు గారికి నచ్చలేదు. తప్పు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఒకరి తప్పులు మరొకరు వింటూ పోతే ఆ తప్పులే గట్టిపడిపోతాయని ఆయన భయం. డాబా మీద జరగబోయేది సరిగ్గా ఆయన వద్దన్నదే.

లెక్కల మాస్టారు
ఒప్పుకుంటాను, ఆ సంగతి వదిలేశాను. కానీ 1985లో మైఖేల్ లాంగ్, ప్యాట్రీషియా పోర్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ భయాన్నే పట్టుకుని పరిశీలించారు. నేర్చుకునేవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పటి కంటే ఎక్కువ తప్పులేమీ చేయరని వాళ్ళు తేల్చింది. పైగా ఎక్కువసేపు మాట్లాడతారు. తప్పులు అంటుకునే జలుబు కాదు.

పాత పుస్తకాలవాడు
ఆ పరిశీలనలలో చాలావరకు వేరువేరు భాషలవాళ్ళు కలిసి ఉన్నారు. ఇక్కడ అందరి తప్పులూ ఒకే అమ్మ పెట్టినవి. నేను ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అంటే పక్కాయనకు తప్పుగా వినిపించదు, ఆయనా అలాగే అంటాడు. ‘ఎగ్’ అన్నా ‘యెగ్’ అన్నా మనకు ఒకే కోడి.

గోళీసోడా
మనది అజంత భాష అండి. బస్ కూడా మన ఊరు వచ్చేసరికి బస్సు అయింది. చివర ఒక అచ్చు లేకపోతే మాట చెప్పులు లేకుండా బయటికి వెళ్ళినట్టు ఉంటుంది.

డల్లాస్ బామ్మ
నాది అరవై ఏడో ఏడు. అబ్బాయి దగ్గరికి ఆరు నెలలకు వచ్చి, మనవరాలి పుణ్యాన ఇక్కడ రాయడం నేర్చుకున్నాను. ఇక్కడ ఊరి గ్రంథాలయంలో వారానికి ఒకసారి ఇంగ్లీషు మాట్లాడుకునే బల్ల ఒకటి వేస్తారు. అమెరికాలో చాలా ఊళ్ళలో ఉంటుందట, డబ్బు తీసుకోరు. మా కోడలు బలవంతంగా దింపి వెళ్ళిపోయింది. మొదటి రోజు కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ.

నా బల్ల దగ్గర ఆరుగురం. ఒక కొరియా ఆవిడ, వియత్నాం నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, మెక్సికో అబ్బాయి, నేను, నడిపించే ఒక రిటైరు టీచరమ్మ. ఆ అక్కాచెల్లెళ్ళను పక్కపక్కన కూర్చోనివ్వలేదు టీచరమ్మ. చేరితే వాళ్ళ భాషలో మాట్లాడుకుంటారని. నాకు తెలుగు మాట్లాడే దిక్కు లేదు, కొరియా ఆవిడకు కొరియన్ మాట్లాడే దిక్కు లేదు. ఇక ఏం చేస్తాం, ఇంగ్లీషే.

రెండో వారం ఇంట్లో ఏం వండారో చెప్పమన్నారు. నేను బెండకాయ వేపుడు చేశానని చెప్పబోయి, మనం ఎప్పుడూ అనే ‘లేడీస్ ఫింగర్’ అన్నాను. టీచరమ్మ ముఖం చూడాలి. ఇక్కడ ఆ పేరుతో పిలిచేది ఒక రకం తీపి బిస్కెట్టు. బిస్కెట్లను ఆవాలు వేసి ఎందుకు వేయించానో ఆవిడకు అర్థం కాలేదు. చివరికి కాగితం మీద బొమ్మ గీశాను. మెక్సికో అబ్బాయి గుర్తుపట్టి తన భాషలో ఏదో అన్నాడు, కొరియా ఆవిడ ఫోనులో చూపించింది, టీచరమ్మ అప్పుడు ‘ఓక్రా’ అంది. ఆ ఒక్క బెండకాయ మీద ఇరవై నిమిషాలు మాట్లాడాం. వంకాయ మీద ఇంకో వారం గడిచింది, ‘బ్రింజాల్’ అంటే కూడా ఇక్కడ ఎవరికీ తెలియదు.

నాయనా, మీ డాబా మీద బెండకాయ అంటే అందరికీ తెలుసు. మీ ఇబ్బంది అదే.

మూడో బెంచీ
బామ్మగారూ, ఆవాలు వేసిన బిస్కెట్ల వేపుడు ఎలా చేయాలో కూడా రాయండి.

నిద్రగన్నేరు
బామ్మగారు చెప్పిన ఆఖరి మాట దగ్గరే ఆగిపోయాను. నేను బెంగళూరులో మలయాళీ, బెంగాలీ, ఒడియా వాళ్ళతో ఒకే ఇంట్లో రెండేళ్ళు ఉన్నాను. నా ఇంగ్లీషు అంతా వంటింటి గొడవలలో వచ్చింది. గ్యాసు ఎవరు తెప్పించాలి, కొబ్బరినూనెతో వండితే నేను తినను, చేపల గిన్నె ఎవరు కడగాలి. పోట్లాటలో వ్యాకరణం గుర్తుండదు, గెలవాలన్నదే గుర్తుంటుంది. డాబా వారూ, మీ గుంపులో తెలుగు రానివాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? మీ ఊళ్ళో చదువుకోవడానికి వచ్చిన బయటి రాష్ట్రాల పిల్లలు ఉంటారు. ఒక్కరిని పిలవండి.

చిలుకపలుకు
ఇరవై మంది తెలుగువాళ్ళు ఒక డాబా ఎక్కి తెలుగు మాట్లాడకుండా ఉండడానికి కష్టపడుతున్నారు. వినడానికే బాధగా ఉంది. అదే గంట పద్యాలు చదువుకోండి.

నైట్ డ్యూటీ
చిలుకపలుకు గారూ, పద్యాలు నాకూ ఇష్టమే. కానీ విదేశాల్లో నర్సుగా చేరాలంటే నేను రాయాల్సిన పరీక్షలో పద్యం అడగరు. మొదట ఐఈఎల్టీఎస్‌కు కూర్చున్నాను. అందులో మాట్లాడే పరీక్ష పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు. మధ్యలో ఒక చీటీ ఇస్తారు, ఒక్క నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడాలి. శిక్షణ కేంద్రంలో ఇరవై అయిదు వేలు కట్టి నలభై చీటీలకు జవాబులు బట్టీ పట్టాను. పరీక్షలో నలభై ఒకటో చీటీ వచ్చింది.

ఇప్పుడు ఓఈటీకి చదువుతున్నాను, వైద్యరంగంవాళ్ళ కోసమే పెట్టిన పరీక్ష. అందులో రెండు సన్నివేశాలు ఇస్తారు. ఎదురుగా ఉన్నవారు రోగి, నేను నర్సు. మూడు నిమిషాలు కాగితం చదువుకుని, అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఇంజెక్షన్ అంటే భయపడే రోగికి నచ్చజెప్పడం లాంటివి. లెక్కల మాస్టారు చెప్పిన ‘పని’ ఇదే. నాతో చదివే అమ్మాయి, నేను రోజూ రాత్రి ఫోనులో చేస్తాం. ఆమె రోగిగా ఎంత మొండికేస్తే నాకు అంత మాట వస్తుంది.

కందిపొడి
ఆ శిక్షణ కేంద్రాల సంగతి అడగకండి. నేను చేరిన చోట ముప్ఫై రోజుల్లో అనర్గళం అని గోడ మీద రాశారు. ముప్ఫై రోజులూ కాలాల పట్టికే చదివించారు, పన్నెండు కాలాలూ. నోటితో ఒక్క కాలమూ రాలేదు.

సన్నజాజి
నేను రాసేది ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి గుంపులో రెండు నెలలు నోరు తెరవకుండా కూర్చున్నదాన్ని. ఇంగ్లీషు రాక కాదు. మా గుంపులో ఒక ఆచార్యుడు గారు ఉండేవారు. ఆయనను ‘యూ’ అని ఎలా పిలవను? తెలుగులో మీరు, తమరు, గారు, అండి, ఇన్ని మెట్లు ఉన్నాయి. ఇంగ్లీషులో పెద్దాయనకూ పక్కింటి పిల్లవాడికీ ఒకే ‘యూ’. నోటి దాకా వచ్చి ఆగిపోయేది. దాంతో ప్రతి వాక్యానికీ ముందొక సారూ వెనకొక సారూ తగిలించేదాన్ని. మధ్యలో చెప్పాల్సిన విషయం మరిచిపోయేదాన్ని. ఆయన చెప్పింది తప్పనిపిస్తే సారు అన్న నోటితో కాదనడం ఎలా?

మేనేజరు గారు ఎక్కువ మాట్లాడతారని అందరూ ఆయనను అంటున్నారు. మిగిలినవాళ్ళు ఆయన ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు.

పాత పుస్తకాలవాడు
సన్నజాజి గారు అన్నదానికి తోడు ఇంకొకటి. మనకు మేము వేరు, మనం వేరు. ఇంగ్లీషులో రెండూ ‘వుయ్’. మా ఆఫీసులో ఒకాయన, వుయ్ పెళ్ళికి వెళుతున్నాం అని చెప్పాడు. ఆయన ఉద్దేశం మేము, అంటే తన కుటుంబం. కొత్తగా చేరిన కుర్రవాడు మనం అనుకుని ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్ళింటికి వచ్చేశాడు.

గోళీసోడా
భోజనం పెట్టారా లేదా? అది చెప్పకుండా ఎలా ముగిస్తారు.

పాత పుస్తకాలవాడు
పెట్టారు. ఇప్పటికీ ఆయన ‘వుయ్’ అంటే వెనక్కి తిరిగి ఎవరున్నారో చూసుకుంటాడు.

వాల్తేరు అల
నలుగురి ముందు మాట్లాడడం సాధన చేయించే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఉన్నాయి కదా, కొత్తగా ఎందుకు కష్టపడడం? 1924లో కాలిఫోర్నియాలో మొదలై ఇప్పటికీ నడుస్తున్నాయి. ప్రతి సమావేశంలో ఒకరు గడియారం చూస్తారు, ఒకరు వ్యాకరణం చూస్తారు, ఇంకొకరు ఎవరు ఎన్నిసార్లు ‘ఆ, ఊ’ అని నసిగారో లెక్కపెడతారు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించడమూ ఉంటుంది. నాకు చాలా మేలు జరిగింది.

సన్నజాజి
అక్కడ నేర్పేది ఉపన్యాసం కదండీ. లేచి నిలబడి, చప్పట్లు కొట్టించుకుని కూర్చోవడం. నాకు కావలసింది బడిలో మా పాప టీచరుతో నిలబడి రెండు మాటలు మాట్లాడడం. నేను ‘ఆ’ అన్నప్పుడల్లా ఒకరు గీత పెడుతుంటే ఆ రెండు కూడా రావు.

వాల్తేరు అల
గీతలు పెట్టారు కాబట్టే నాకు తగ్గింది. ఎవరి తీరు వారిది.

నైట్ డ్యూటీ
తప్పులు దిద్దే విషయం ఏమనుకుంటున్నారు? మేమిద్దరం మాట్లాడేటప్పుడు ఆపుకోం. అయ్యాక ఒక్కొక్కరికి రెండు తప్పులు మాత్రమే చెప్పుకుంటాం. మూడోది ఉన్నా చెప్పం.

లెక్కల మాస్టారు
రెండు చాలు. నేను పిల్లల లెక్కల పుస్తకాల్లో కూడా పేజీకి రెండు ఎర్ర గీతలే పెడతాను. మూడోది పెడితే పుస్తకం మూసేస్తారు.

డాబా మీద బడి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ చేయలేదు, చేసినవాటిలో కొన్ని చెడ్డాయి.

పాత జాబితాలో అందరికీ ఫోను చేసి, ఆరుగురు చాలు, ముందు చెప్పినవాళ్ళకే చోటు అన్నాను. విచిత్రం ఏమిటంటే ఎవరైనా రావచ్చు అన్నప్పుడు రానివాళ్ళు, చోటు లేదంటే అడిగి మరీ వచ్చారు. ఫోనులన్నీ గుమ్మం దగ్గర మామిడిపండ్ల బుట్టలో వేయించాను.

మొదటి వారం మాస్టారు చెప్పిన రైళ్ళ పట్టిక. కాగితాలు చింపి తలా ఒక ముక్క ఇచ్చాను. మేనేజరు గారికి స్టేషనులో విచారణ గుమాస్తా పని. అడిగినదానికే జవాబు చెప్పాలి, అదనంగా ఒక్క మాట చెప్పకూడదు. ఆయన పడిన యాతన చూడాలి. ఒకసారి పెదవులు బిగబట్టి ట్యాంకు వైపు తిరిగి కూర్చున్నారు. కానీ నిజం చెప్పాలంటే ఆ వారం సగమే నడిచింది. ఇంజనీరింగ్ పిల్లలు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసేసుకుని, రెండు నిమిషాల్లో జవాబు చెప్పేశారు. మాట్లాడాల్సిన అవసరమే లేకుండా చేశారు.

రెండో వారం వర్షం.

నిన్న, మూడో వారం. పెళ్ళి భోజనాలు అన్నాను. మూడు వందల మంది, ఇంత డబ్బు, ఏం పెట్టాలో గంటలో తేల్చాలి. ఒకరి దగ్గర అతిథుల జాబితా, ఒకరి దగ్గర కూరగాయల ధరలు, ఒకరు పెళ్ళికూతురి తండ్రి, ఒకరు మగపెళ్ళివారి తరఫున. ఇంజనీరింగ్ అబ్బాయి వంటల లెక్క వేశాడు. అయిదు కిలోల కందిపప్పుతో మూడు వందల మందికి పప్పు సరిపెడతానన్నాడు.

గుంపులో ఒకావిడ ఉన్నారు, మొదటి వారం పేరు చెప్పి కూర్చున్నాక మళ్ళీ నోరు తెరవలేదు. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని అయిదు కిలోలా అన్నారు, ఇంగ్లీషులోనే. తర్వాత ఆగలేదు. మనిషికి ఎంత పడుతుంది, రెండోసారి అడిగితే ఏం పెడతావు, నీ పెళ్ళి కూడా ఇలాగే చేస్తావా అని ఆ అబ్బాయిని పది నిమిషాలు నిలబెట్టి కడిగేశారు. సగం క్రియలు లేవు, ఒకచోట ‘పోపు’ అని తెలుగులోనే అన్నారు, ఎవరూ ఆపలేదు. మేనేజరు గారు మాత్రం మధ్యలో ఆవిడకు ఒక మాట అందించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. సారు అనలేదు.

సన్నజాజి గారూ, ఆ చెయ్యి చూసినప్పుడు మీరు రాసింది గుర్తుకొచ్చింది.

గోళీసోడా
అయిదు కిలోలు అంటే మనిషికి పదిహేడు గ్రాములు కూడా పడదు. ఆ అబ్బాయికి ఇంజనీరింగ్ పట్టా ఇవ్వకూడదు.

లెక్కల మాస్టారు
రైలు కాగితాలు పక్కన పెట్టుకోకుండా వీపులు కలిపి కూర్చోబెట్టండి. అది చెప్పడం నేను మరిచాను.

పాత పుస్తకాలవాడు
నా సందేహం అలాగే ఉంది. ఆవిడ క్రియలు లేకుండానే గెలిచారు. వచ్చే ఏడాది కూడా క్రియలు లేకుండానే గెలుస్తారు. ఎవరో ఒకరు నెలకు ఒక్కసారి అయినా ఆ క్రియల దగ్గరికి తీసుకువెళ్ళాలి. నైట్ డ్యూటీ గారి రెండు తప్పుల పద్ధతి పెట్టారా?

డాబా మీద బడి
నిన్న పెట్టలేదు. ఆవిడ మెట్లు దిగేటప్పుడు కూడా ఆ అబ్బాయితో ఇంగ్లీషులోనే పప్పు గురించి మాట్లాడుతున్నారు. ఆపి తప్పులు చెప్పబుద్ధి కాలేదు. వచ్చే వారం నుంచి పెడతాను.

డల్లాస్ బామ్మ
వచ్చే నెల తిరిగి వస్తున్నాను, మాది తెనాలి. ఆదివారం బస్సెక్కి వస్తే నాకు చోటు ఉంటుందా? తెలుగు రానిదాన్నని చెప్పి కూర్చోబెట్టండి, నేను నటిస్తాను.

డాబా మీద బడి
మీకు చోటు ఎప్పుడూ ఉంటుంది బామ్మగారూ. నాలుగో అంతస్తు పైన డాబా, లిఫ్టు మాత్రం లేదు. మెట్ల దగ్గర మా తమ్ముడు ఉంటాడు, వాడితో మాత్రం తెలుగు మాట్లాడవద్దు.